తీర్పరి, యంత్రము, సంశయము: క్రీడాపరిభాషపై ఒక పరిశీలన

కోల్‌కతా మహానగరమునకు తూర్పున, రాజార్‌హాట్ ప్రాంతమున వెలసిన న్యూ టౌన్ తన ఆంగ్లనామమును బంగాళీలో సైతము మార్పు లేకయే నిలుపుకొన్నది. అందలి విభాగములకు 'యాక్షన్ ఏరియా' అనునదే వ్యవహారము. అచటి సమాచార సాంకేతిక సంస్థలలో పనిచేయు తెలుగువారి పిల్లలకు బడిలో ఆంగ్లము, వీథిలో బంగాళీ, ఇంట తెలుగు. ఈ మూడు భాషలకును ఉమ్మడియైన ముచ్చట క్రికెట్. ఆ ఆటలో నేడు యంత్రసహాయముతో వెలువడు తీర్పుల గూర్చిన ప్రౌఢమైన ఆంగ్లపదములను ఇట్టి విద్యార్థి ఎట్లు గ్రహింపవలెను? వానికి తెలుగున ఏమి చెప్పవలెను? ఈ ప్రశ్న చిన్నదిగా తోచినను పరిభాషా నిర్మాణమున కంతటికిని వర్తించునది.

మొదట వ్యక్తివాచకములను పరిశీలింతము. 'అంపైరు' శబ్దమునకు మూలము ప్రాచీన ఫ్రెంచి పదము. 'జోడు కానివాడు' అని దాని యర్థము; అనగా ఇరుపక్షముల నడుమ బేసిగా నిలుచు మూడవ మనిషి. మధ్యయుగపు ఆంగ్లమున దీని రూపము 'నౌంపేర్'. పదాదియందలి నకారము ముందున్న 'ఎ' అను మాటకు అంటుకొనిపోగా 'యాన్ అంపైర్' అను నేటి రూపము సిద్ధించినది. 'రిఫరీ' అనగా వివాదము ఎవరికి నివేదింపబడునో అతడు. మొదటి పదము మనిషి స్థానమును, రెండవది వ్యవహార పద్ధతిని తెలుపుచున్నవి. తెలుగున 'మధ్యవర్తి' స్థానమును తెలుపును. 'నేర్పు' నుండి 'నేర్పరి' యైనట్లు 'తీర్పు' నుండి యైన 'తీర్పరి' అధికారమును తెలుపును. వ్యుత్పత్తిని బట్టి చూచినచో 'థర్డ్ అంపైర్' అనగా మూడవ మూడవవాడు! బంగాళీ పత్రికలు దీనిని 'తృతీయ ఆంపాయార్' అని సగము అనువదించినవి. తెలుగు పత్రికలలో 'థర్డ్ అంపైర్', 'మూడో అంపైర్' రెండును కలవు.

ఒకే పదము రెండు పదవులను చెప్పుటయు కలదు. ఫుట్‌బాల్‌లో రిఫరీ మైదానమున నిలిచి ఆటను నడపును. క్రికెట్‌లో మ్యాచ్ రిఫరీ మైదానమునకు వెలుపల నుండి క్రీడాకారుల నడవడిని విచారించును. ఔటా కాదా అని తేల్చుట అతని పని కాదు. 2019లో అంతర్జాతీయ క్రికెట్ మండలి ఈ పదవికి నియమించిన తొలి మహిళ ఆంధ్రదేశీయురాలైన జి. ఎస్. లక్ష్మి. ఆమె పదవిని 'తీర్పరి' అని అనువదించినచో అర్థము చెడును.

ఇక తీర్పును తెలుపు పదములు. 1992 నవంబరులో దర్బన్ టెస్టున దూరదర్శన చిత్రములను చూచి మూడవ అంపైరు ఔటుగా ప్రకటించిన తొలి ఆటగాడు సచిన్ టెండూల్కర్. 1999 ఫిబ్రవరిలో పాకిస్తానుతో జరిగిన టెస్టున, కోల్‌కతాలోని ఈడెన్ గార్డెన్స్‌లోనే, అదే ఆటగాడు పరుగు తీయుచు షోయబ్ అఖ్తర్‌ను ఢీకొనెను. విసిరిన బంతి నేరుగా వికెట్టును తాకెను. మూడవ అంపైరు ఔటని తీర్పు చెప్పెను. ప్రేక్షకులు అలజడి చేసిరి. తుదకు వారిని వెలుపలికి పంపి ఆట ముగింపవలసి వచ్చెను. బ్యాటు గీతను దాటెనా లేదా అనునది చిత్రము చూపగలదు. ఢీకొనుట న్యాయమా కాదా అనునది చూపజాలదు. జనులకు కోపము వచ్చినది రెండవ విషయమునందు. 'సాక్ష్యము', 'తీర్పు' అను మాటలకు గల భేదము ఇచట స్పష్టము.

ఈ భేదమును మన శాస్త్రము ఏనాడో గుర్తించినది. నవద్వీపమున నవ్యన్యాయము వర్ధిల్లిన వంగదేశమునను, తర్కసంగ్రహకర్త అన్నంభట్టు తమవాడని చెప్పుకొను ఆంధ్రులలోను ప్రత్యక్షానుమానముల వివేచన కొత్తది కాదు. పరుగులో ఔటైన దృశ్యమును మరల చూచుట ప్రత్యక్షమునకు దగ్గర. కాలికి తగిలిన బంతి, తగులకున్నచో ఏ దారిన పోయెడిదో యంత్రము గీయు రేఖ అనుమానము. జరుగని దానిని అది ఊహించి చెప్పును. 2008లో శ్రీలంకలో పునఃపరిశీలన పద్ధతిని తొలుత పరీక్షించిరి. 2009లో అది అధికారికమయ్యెను. భారత క్రికెట్ బోర్డు ఆ రేఖల విశ్వసనీయతను చిరకాలము శంకించి, 2016లో గాని స్వదేశపు టెస్టులలో దానికి సమ్మతింపలేదు.

ఈ సంశయమునుండి పుట్టినదే 'అంపైర్స్ కాల్'. రేఖను బట్టి బంతిలో సగముకన్న తక్కువ భాగము మాత్రమే వికెట్టును తాకునని తేలినచో, మైదానమున అంపైరు మొదట చెప్పినదే నిలుచును. కావున చిత్రము ఒకటే యైనను, అంపైరు ఔటని యుండినచో ఔటు, కాదని యుండినచో నాటౌటు. 'అంపైరు పిలుపు' అని మాటకు మాటగా అనువదించినచో విద్యార్థికి ఏమియు తెలియదు. 'మైదానపు తీర్పే స్థిరము' అన్నచో తెలియును.

ఫుట్‌బాల్‌లో 2018లో నియమావళికెక్కిన వీడియో సహాయ పద్ధతిని గూర్చిన 'క్లియర్ అండ్ ఆబ్వియస్ ఎర్రర్' అను మాటయు ఇట్టిదే. తీర్పు ఒప్పా తప్పా అని అది అడుగదు. తప్పు నిస్సందేహముగా కనబడుచున్నదా అని అడుగును. 'స్పష్టమైన తప్పు' అనిన చాలును. పర్యాయపదము రెండవది చేర్చుట వ్యర్థము.

దీనినుండి తేలిన సూత్రమిది. 'హాక్ ఐ' వంటి యంత్రనామములను ఉన్నవి ఉన్నట్లు స్వీకరింపవచ్చును. డేగకన్ను అనుటవలన అదనపు జ్ఞానము కలుగదు. తీర్పును తెలుపు పదములను మాత్రము అనువదింపవలెను. అనువాదమునకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: చెప్పువాడెవడు? ఏ ప్రమాణముతో చెప్పుచున్నాడు? ఎంత నిశ్చయముతో చెప్పుచున్నాడు? ఈ మూడింటికి ఉత్తరము తెలిసిన విద్యార్థికి ఆంగ్లపదము భారము కాదు, తెలుగు పదము కొరతయు కాదు.