కంచం పక్కన ఫోను

ఇంటర్ చదివే అబ్బాయి జిమ్‌లో చేరతాడు. నెల తిరక్కుండానే కంచం పక్కకి ఫోను వచ్చి కూర్చుంటుంది. పప్పు ఎన్ని గ్రాములు, నెయ్యి ఎన్ని క్యాలరీలు అని యాప్‌లో ఎక్కించాకే ముద్ద నోట్లోకి వెళుతుంది. అమ్మాయిలున్న ఇళ్ళలోనూ ఇదే చూస్తున్నాం. "వీడికేమైనా అవుతోందా డాక్టరుగారూ" అని మీరు అడిగేటప్పుడు ఆ గొంతులో భయం నాకు తెలుస్తుంది. చాలామంది పిల్లలకు ఇది కొన్నాళ్ళ ముచ్చటే. ఒంట్లో బలం పెంచుకోవాలన్న కోరిక మంచిది. తినే తిండిలో ఏముందో తెలుసుకోవడమూ మంచిదే.

అయినా ఒక సంగతి చెప్పక తప్పదు. కండ పట్టాలంటే తిండి తగ్గకూడదు. "పొట్ట తగ్గాలి, కండ పెరగాలి" అని రెండూ ఒకేసారి కోరుకునే పిల్లవాడు యాప్‌లో బరువు తగ్గే లక్ష్యాన్ని ఎంచుకుంటే, అది రోజుకు ఏ 1500 క్యాలరీల దగ్గరో గీత గీయవచ్చు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం 16 నుంచి 18 ఏళ్ళ అబ్బాయికి రోజుకు దాదాపు 3300, అమ్మాయికి 2500 క్యాలరీలు కావాలి. సగం తిండితో బరువులెత్తితే ఒళ్ళు కండ కట్టదు. నీరసం, చిరాకు, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. ఆడపిల్లల్లో నెలసరి ఆగిపోవచ్చు.

ప్రొటీన్ గురించి మాత్రం మరీ కంగారు పడకండి. అదే లెక్కలో ఈ వయసు అబ్బాయికి రోజుకు 55 గ్రాములు, అమ్మాయికి 46 గ్రాములు. వ్యాయామం వల్ల అవసరం ఇంకొంత పెరిగినా గుడ్లు, పప్పు, పెరుగు, శనగలు, చేపలతో ఇంట్లోనే అందించవచ్చు. ప్రొటీన్ పౌడర్లు వద్దనే ఆ సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనలు చెబుతున్నాయి.

అసలు పిల్లలు ఎందుకు లెక్కపెడుతున్నారు? ఆ వయసులో ఒళ్ళు వాళ్ళని అడక్కుండానే మారిపోతుంది. పరీక్షలు, ర్యాంకులు, స్నేహితుల చూపులు ఏవీ వాళ్ళ చేతిలో ఉండవు. కంచంలోని అంకె ఒక్కటే చేతిలో ఉన్నట్టనిపిస్తుంది. చిన్నప్పటినుంచి మనం వాళ్ళని అంకెలతోనే కొలిచాం, అదీ ప్రేమతోనే. ఇప్పుడు వాళ్ళు తమని తామే కొలుచుకుంటున్నారు. రాత్రి ఆ అంకె గీత దాటి ఎర్రగా కనిపిస్తే, పడుకోబోయే ముందు ఆ పిల్లవాడు పరీక్ష తప్పినంత బాధపడతాడు. అది మనకు కనపడదు. పెళ్ళిలో ఎవరో "ఏంట్రా, పుల్లలా అయ్యావు" అన్నప్పుడు, "కాస్త ఒళ్ళు చేశావే" అన్నప్పుడు మనమూ పక్కన నవ్వే ఉంటాం. వాళ్ళు ఆ మాట మరచిపోలేదు.

అందుకే ఫోను లాక్కోవద్దు. లాక్కుంటే లెక్క ఆగదు, చాటుకి పోతుంది. "ఇంకో ముద్ద తిను" అని బతిమాలడం కన్నా "ఇప్పుడు ఎన్ని దండీలు తీయగలుగుతున్నావు నాన్నా" అని అడిగి చూడండి. బలం ఎంత పెరిగిందో చెప్పేది ఆ లెక్కే. తాలింపులో మీరు చేతి అంచనాతో వేసిన నూనె ఎంతో యాప్‌కి తెలిసే దారి లేదని నెమ్మదిగా చెప్పండి. రాత్రి భోజనానికి మన ఫోన్లూ పక్క గదిలో పెడదాం. అన్నం దగ్గర ఎవరి ఒంటి గురించీ మాట్లాడవద్దు, మన పొట్ట గురించి కూడా.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. అందరితో కలిసి తినడం మానేయడం, పండగనాడు నాలుగు బూరెలు తిని మర్నాడంతా పస్తుండడం, తిన్నాక బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకోవడం, కళ్ళు తిరగడం, బరువు గబగబా పడిపోవడం, మూడు నెలలుగా నెలసరి రాకపోవడం. వీటిలో ఏది కనబడినా మీ పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మనసు గురించి మాట్లాడాలంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఫోను ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు కొంతసేపు బిడ్డను ఒంటరిగా మాట్లాడనిచ్చి మీరు బయట కూర్చోండి. లోపల ఏం మాట్లాడారో దారిలో గుచ్చి గుచ్చి అడగవద్దు.