గుంపు వెళ్ళాక చూడాల్సిన ఊళ్ళు

రూతూ,

సంఘంవాళ్ళ పవిత్రభూమి యాత్ర అయిపోయాక నువ్వూ నీ స్నేహితురాలూ ఇంకో వారం అక్కడే ఉంటామన్నారట. మీ నాన్న ససేమిరా అంటున్నాడని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నేనైతే ఉండమనే అంటాను.

మన గుంపులు చాలావరకు బస చేసేది బేత్లెహేములోనే. యెరూషలేముకంటే అక్కడ హోటళ్ళు చవక. అయినా ఆ ఊరు చూసి వచ్చినవాళ్ళు తక్కువ. తెల్లారితే బస్సు, చీకటి పడితే బఫే భోజనం. బైబిల్లో చదివిన ఊరు బైబిల్లోనే ఆగిపోయిందన్నట్టు తిరిగొస్తాం. అక్కడా జనం పొద్దున్నే పనికి పోతారనీ, కరెంటు బిల్లు కడతారనీ తట్టదు. నీ పేరుగల ఆవిడ పరిగె ఏరుకున్న పొలం ఇదేనని పక్కూరు బేత్ సాహూరులో చూపిస్తారు. అదే ఊళ్ళో ఒలీవ చెక్కతో బొమ్మలు చేసే పనివాళ్ళున్నారు. పొలం ఒక్కటే చూసి రాకు.

యేసు పుట్టినచోట కట్టిన గుడికి గుంపుతో ఎలాగూ వెళ్తావు. గుహలోని వెండి నక్షత్రం దగ్గర ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ రెండు నిమిషాలు నిలబడతావు. తర్వాత ఒకరోజు పెందలాడే మళ్ళీ వెళ్ళు. గుమ్మం నాలుగడుగులే ఉంటుంది, గుర్రాలమీద దోపిడీగాళ్ళు లోపలికి రాకుండా అలా కుదించారంటారు. కాన్‌స్టంటైన్ నాలుగో శతాబ్దంలో కట్టించిన గుడి దెబ్బతింటే జస్టీనియన్ ఆరో శతాబ్దంలో మళ్ళీ కట్టించాడు. లోపల తలెత్తి గోడలు చూడు. పైకప్పు కారి పాడైపోతున్న ఆ కట్టడానికి 2013లో మరమ్మతు మొదలుపెట్టారు. మసిపట్టిన మొజాయిక్ శుభ్రం చేస్తుంటే, గిలాబా కింద ఎవరికీ తెలియని ఏడో దేవదూత బయటపడింది. 2012లో ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాకెక్కిన ఈ గుడిని యునెస్కో 2019లో అందులోంచి తీసేసింది. గ్రీకులు, ఆర్మీనియన్లు, ఫ్రాన్సిస్కన్లు దీన్ని పంచుకున్నారు. ఏ మూల ఎవరు ఊడవాలన్నదానిమీద కూడా గొడవలు పడ్డారు. మన సంఘాల తగాదాలు చూసినదానివి, నీకు వింతగా ఉండదులే.

గైడు మిమ్మల్ని ఒలీవ చెక్క బొమ్మల పెద్ద దుకాణానికి తీసుకెళ్తాడు. అమ్మిన ప్రతి వస్తువుమీదా కొంత గైడుకి ముట్టడం అక్కడ మామూలే. అక్కడ కొనకు, చూసి రా. తర్వాత ఆ బొమ్మలు చేసే వర్క్‌షాపుకి వెళ్ళు. ఒక నమూనాను అనుసరిస్తూ ఒకేసారి చాలా బొమ్మలకు రూపు తెచ్చే యంత్రం ఉంటుంది. ముఖం, వేళ్ళు, బట్టల ముడతలు చేత్తో తీరుస్తారు. ఇందులో యంత్రం పని ఎంత, చేతి పని ఎంత అని అడుగు. పనివాడు దాచడు, దుకాణంవాడు తప్పించుకుంటాడు. చెక్క బాగా ఆరిందా అని కూడా అడుగు, పచ్చిదైతే మన ఎండలకు పగులుతుంది. బేరం దుకాణంలో ఎంతైనా ఆడు, ఉలి పట్టినవాడి దగ్గర మాత్రం వద్దు. 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలయ్యాక యాత్రికులు ఆగిపోయి ఆ పని చాలావరకు పడుకుంది. ఆ ఏడూ, 2024లోనూ గుడి ముందున్న చౌకులో క్రిస్మస్ చెట్టే పెట్టలేదు.

హెబ్రోనుకి మాత్రం ఆ ఊరివాడైన గైడు లేకుండా వెళ్ళొద్దు. ఇశ్రాయేలుకూ పాలస్తీనా నాయకులకూ మధ్య 1997లో కుదిరిన ఒప్పందంతో ఊరు రెండు ముక్కలైంది. పాత బజారున్న భాగం ఇశ్రాయేలు సైన్యం చేతిలో ఉంది. బజారు నెత్తిమీద వల కట్టి ఉంటుంది. పై అంతస్తుల్లో ఉండే యూదు సెటిలర్లు విసిరే చెత్త కింద పడకుండా కట్టుకున్నారు. అబ్రాహాము నాలుగు వందల తులముల వెండి తూచి కొన్న మక్పేలా గుహమీదే ఇబ్రహీమీ మసీదు. ఇస్సాకు, రిబ్కాల సమాధి గుర్తులు ముస్లింల వైపు, యాకోబు, లేయాలవి యూదుల వైపు. అబ్రాహాము, శారాలవి రెండు వైపులనుంచీ కిటికీల్లోంచి కనబడతాయి. 1994 రంజాన్‌లో ఫజర్ నమాజు చేస్తున్న 29 మందిని ఒక సెటిలర్ అక్కడే కాల్చి చంపాడు. మసీదును ఇలా రెండు వైపులుగా పంచింది ఆ తర్వాతే. చెప్పులు విడవాలి, ఆడవాళ్ళకు తల కప్పే అంగీ ఇస్తారు, మొహమాటపడకుండా తొడుక్కో. అక్కడ ఎవరైనా తమ కథ చెప్తే విను, వాక్యం ఎత్తి జవాబు చెప్పకు. మనవాళ్ళలో చాలామందికి ఇశ్రాయేలు అంటే నిర్గమకాండంలోదే. చెక్‌పోస్టు దగ్గర లైన్లో నిలబడ్డవాడికి అది వేరే సంగతి.

ఆ ఊళ్ళోనే పగిలిన సీసాలు కరిగించి గాజు ఊదుతారు. కొలిమి దగ్గర వేడికి ఓర్చుకుని కాసేపు నిలబడు. నీలం గాజు కొంటే చేతి సంచిలోనే పెట్టుకో. 1961 నుంచి కఫియా తలగుడ్డలు నేస్తున్న హిర్బావీ మిల్లు కూడా అక్కడిదే. పాత సుజుకీ మరమగ్గాలు. కార్లకంటే ముందు ఆ కంపెనీ చేసింది మగ్గాలే. మంగళగిరిలో పెరిగిన నీకు ఆ చప్పుడు పరాయిగా అనిపించదు.

నాబ్లస్ నాకు అన్నిటికంటే ఇష్టమైన ఊరు. మన బైబిల్లో షెకెము ఆ పక్కనే ఉంది. అక్కడ ఒలీవ నూనె, నీళ్ళు, సోడాతో సబ్బు చేస్తారు. కింద పెద్ద బానలో రోజుల తరబడి కాచి, పై అంతస్తుకి మోసుకెళ్ళి నేలంతా పోస్తారు. గట్టిపడ్డాక గీతలు గీసి, ఒక్కో బిళ్ళమీద ముద్ర కొట్టి కోస్తారు. తర్వాత గాలి ఆడేలా మధ్యలో బోలుగా ఉంచి, మనిషికంటే ఎత్తుగా శంకువుల్లా పేర్చి ఆరబెడతారు. కింద కూర్చుని బిళ్ళలకు కాగితం చుట్టే వాళ్ళ చేతుల వేగం చూస్తూ నేను అడగాల్సినవి మరిచిపోయాను. ఒకప్పుడు ముప్పై దాకా ఉండిన సబ్బు కర్మాగారాల్లో ఇప్పుడు మిగిలినవి కొన్నే. 2024లో యునెస్కో ఈ పనిని వారసత్వ జాబితాలో చేర్చింది. పెద్ద కుటుంబాల వ్యాపారం కాబట్టి ముందు అడిగి లోపలికి వెళ్ళు. కొలిమి దగ్గరైనా సబ్బు దగ్గరైనా మనుషుల ఫొటో అడిగి తీసుకో.

యాకోబు బావి ఆ ఊరి అంచున గ్రీకు గుడి లోపల ఉంది. ఊరి పైన గెరిజీము కొండ. మంచి సమరయుడి కథ చెప్పే మన బోధకులు సమరయులు ఇంకా ఉన్నారని చెప్పగా నేను వినలేదు. ప్రపంచం మొత్తమ్మీద ఎనిమిది వందల పైచిలుకు. సగం మంది ఆ కొండమీదే ఉంటారు, పస్కాకు ఇప్పటికీ గొర్రెల్ని బలిస్తారు. వాళ్ళదే చిన్న మ్యూజియం ఉంది, తప్పకుండా వెళ్ళు.

2016లో తెరిచిన బీర్‌జేత్‌లోని పాలస్తీనా మ్యూజియం, రమల్లాలో కవి దర్వీష్ మ్యూజియం, యెరికోలో హిషాం ప్రాసాదపు మొజాయిక్ నేల రెండు రోజుల పని. వీలు కాకపోతే యెరికో వదిలెయ్. బేత్లెహేములో స్త్రీల సంఘం నడిపే పాత ఇల్లు మ్యూజియం మాత్రం వదలకు. ఊరూరికీ మారే కుట్టుపని అక్కడ చూశాకే ఎంబ్రాయిడరీ ఏదైనా కొను.

ఏ దారిన వెళ్ళినా సరిహద్దు ఇశ్రాయేలుదే, వీసా కూడా వాళ్ళదే. పాస్‌పోర్టు గదిలో పెట్టి తిరగకు. ఇశ్రాయేలులో అద్దెకు తీసుకున్న కార్లకు ఈ ఊళ్ళలో చాలాచోట్ల బీమా వర్తించదు, అందరూ ఎక్కే షేరు టాక్సీలే మేలు. నాబ్లస్‌లో సైన్యం దాడులు జరిగే రోజులుంటాయి. ఏ ఊరికైనా బయల్దేరే ముందు పొద్దున్నే హోటల్‌వాళ్ళను అడుగు. దారి మూశారంటే ఆ రోజుకి మానెయ్, పంతం వద్దు. మన విదేశాంగ శాఖ వెళ్ళొద్దని చెప్పిన రోజుల్లో అయితే నేనూ మీ నాన్న పక్షమే.

వారం లెక్క ఇలా వేసుకో. శుక్రవారం హెబ్రోను వద్దు, మసీదులోకి మనల్ని రానివ్వరు. శనివారం గెరిజీము వద్దు, సమరయులకు విశ్రాంతి దినం. ఆదివారం పొద్దున బేత్లెహేములో గుహ దగ్గర ఆరాధన జరుగుతుంది, చూడ్డానికి కాదు, కూర్చోడానికైతే వెళ్ళు. టికెట్లు ఈ లెక్క ప్రకారం మార్చుకుని నాకు పంపు. మీ నాన్నతో నేను మాట్లాడతాను.

మీ అత్త