నిరాశ్రయ యువత – ప్రభుత్వ శాఖల సమన్వయం

ఇల్లు లేని పిల్లలను గురించి చెప్పేటప్పుడు అనాథ, నిరాశ్రయుడు అనే రెండు మాటలను మనం ఒకే అర్థంలో వాడుతూ ఉంటాం. నిజానికి అవి వేరు. నాథుడు లేనివాడు అనాథ. ఆశ్రయం లేనివాడు నిరాశ్రయుడు. తండ్రి దెబ్బలకు తాళలేకనో, ఇష్టంలేని పెండ్లికి భయపడియో, పని వెదుక్కుంటూనో రైలెక్కి సికింద్రాబాదులోనో విజయవాడలోనో దిగిన వారిలో పలువురికి తల్లిదండ్రులు ఉన్నారు. వారు అనాథలు కారు. కాని ఆ రాత్రికి తల దాచుకొనే చోటు లేదు. ఇటువంటి వారిలో పదునైదు నుండి ఇరువదిమూడేండ్ల మధ్యవారిని గురించి మాత్రమే ఇక్కడ విచారింపదలచాము. మా తరగతులలో కూర్చునేవారి వయస్సు కూడా ఇంచుమించుగా అదే.

2011 జనగణన ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు సుమారు 17.7 లక్షల మంది. రోడ్ల ప్రక్కన, స్టేషన్లలో, వంతెనల క్రింద పడుకొన్నవారిని ఒక రాత్రి లెక్కించగా తేలిన సంఖ్య అది. హోటలు బల్లమీదనే నిద్రించే కుర్రవాడు, నెలకొక స్నేహితుని గదికి మారే విద్యార్థి ఇటువంటి లెక్కకు సులభంగా దొరకరు.

చట్టం లేకపోలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం, ఇల్లు గాని జీవనాధారం గాని లేని పిల్లవానిని రక్షణ అవసరమైన బాలునిగా గుర్తించింది. అతడు కనబడిన 24 గంటలలోగా, ప్రయాణ కాలం మినహాయించి, జిల్లా బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరచాలి. పిల్లలను ఉంచే ప్రతి ఆశ్రమం, అది యతీంఖానా అయినా, మిషను వారిది అయినా, ఆ చట్టం క్రింద నమోదు కావాలి. తెలంగాణ పోలీసులు జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేర నెలరోజులు గాలించి పిల్లలను తీసుకువస్తూ ఉంటారు.

చిక్కంతా పదునెనిమిదవ పుట్టిననాటితో మొదలవుతుంది. నిన్నటివరకు బాలుడు, నేడు వయోజనుడు. వసతిగృహం వదలాలి. ఆ తరువాతి సంరక్షణకు చట్టంలో తావున్నది: ఇరువదియొక్క ఏండ్ల వరకు, ప్రత్యేక పరిస్థితులలో మరి రెండేండ్లు. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు ఇందుకు నెలకు 4,000 రూపాయల సహాయాన్ని పేర్కొన్నాయి. అయితే ఈ సంరక్షణ ఆశ్రమంనుండి వెలువడిన వారికి ఉద్దేశించినది. ఏ ఆశ్రమంలోను చేరకుండా పదునెనిమిదేండ్లు నిండిన వానికి మిగిలేది పట్టణ నిరాశ్రయుల రాత్రి వసతి. అక్కడ అతని ప్రక్క పడుకొనేది ఏబదియేండ్ల కూలీ, రోగి, తాగినవాడు. ఆడపిల్ల అయితే ఆ మాత్రం కూడా అనరాదు.

ఈ యువకుని చుట్టూ ఎన్ని శాఖలున్నవో చూడండి. ఆశ్రమం స్త్రీ శిశు సంక్షేమ శాఖది. రాత్రి వసతి పురపాలక శాఖది. హాస్టళ్ళు సాంఘిక, వెనుకబడిన తరగతుల, మైనారిటీ సంక్షేమ శాఖలవి. ఆదాయ ధ్రువపత్రం తహసీల్దారు ఇవ్వాలి. నివాసం లేనివానికి నివాస ధ్రువపత్రం ఎవరిస్తారు? పత్రం లేనిదే స్కాలర్‌షిప్పు లేదు, స్కాలర్‌షిప్పు లేనిదే చదువు లేదు. ప్రతి శాఖా తన వంతు నియమాన్ని పాటించినట్లే ఉంటుంది; పిల్లవాడు మాత్రం వీధిలోనే ఉంటాడు. మేము సమన్వయం అన్నది ఈ ఖాళీని గురించియే. మరొక ఉన్నతస్థాయి సంఘాన్ని నియమించి ఏటా రెండుసార్లు టీ త్రాగి లేవడం సమన్వయం అనిపించుకోదు.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 2015లో నిరాశ్రయ యువతకై ప్రత్యేక కార్యాలయాన్ని ఏర్పరచింది. ప్రభుత్వ సంరక్షణనుండి, అది ఆశ్రమం గాని, బాల నేరస్థుల గృహం గాని, ఆసుపత్రి గాని, బయటికి వచ్చే యువతీయువకులను స్థిరమైన నివాసానికే పంపాలని 2018లో అక్కడి శాసనసభ లక్ష్యం నిర్ణయించింది. అనగా విడుదల పత్రంపై సంతకంచేసే అధికారే, వాడు ఈ రాత్రి ఎక్కడ పడుకుంటాడన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసి ఉంటుంది. ఆ దేశపు సంపద మనకు లేకపోవచ్చును. కాని ఈ ప్రశ్న అడగడానికి సంపదతో పని లేదు.

ఆ దేశంలోనే 1987నాటి మెకిన్నీ-వెంటో చట్టం క్రింద ప్రతి పాఠశాలా మండలంలో ఇల్లు లేని విద్యార్థుల బాధ్యత చూచే ఉద్యోగి ఒకడు ఉంటాడు. పత్రాలు లేకున్నా వెంటనే బడిలో చేర్చుకోవాలి. పత్రాలు తరువాత తెప్పించుకోవచ్చును. మన పద్ధతి సరిగా దీనికి తలక్రిందులు.

మన రాష్ట్రాలలో ఈ పనికి తగిన వ్యక్తి జిల్లా కలెక్టరే అని మా అభిప్రాయం. 2021 సవరణ 2022 సెప్టెంబరులో అమలులోకి వచ్చినప్పటినుండి బాలల సమితులపైన, ఆశ్రమాలపైన పర్యవేక్షణ ఆయనకు మరింతగా దక్కింది. పైన చెప్పిన శాఖలు చాలవరకు ఆయన మాట వింటాయి. పదునారవ ఏటనే ప్రతి పిల్లవానికి ఒక దస్త్రం తెరిచి, ఆధారు, బ్యాంకు ఖాతా, ధ్రువపత్రాలు పదునెనిమిది నిండేలోగా చేతికి అందేటట్లు చూడడం కలెక్టరు కార్యాలయానికి పెద్ద పని కాదు. వీధిలో ఉన్నవారికి ఆ దస్త్రం రైల్వే స్టేషనులోనే మొదలుకావాలి.

కళాశాలల వంతు కూడా ఉన్నది. వేసవి సెలవులకు హాస్టలు మూసి తాళంవేసేటప్పుడు, ఇంటికి పొమ్మంటే ఇల్లు లేనివాడు ఎక్కడికి పోతాడు? అటువంటి విద్యార్థి తనంతట తాను చెప్పుకోడు. ప్రవేశ సమయంలో రహస్యంగా వివరం తీసుకొని, ఒక అధ్యాపకునికి ఆ బాధ్యత అప్పగించి, సెలవులలో రెండు గదులైనా తెరచి ఉంచే విషయాన్ని మన కళాశాల కమిటీ వారు వచ్చే సంవత్సరపు అంచనాలు వేసేటప్పుడు పరిశీలింప కోరుచున్నాము.