పరీక్షలో రాసిన ఎఫ్‌ఎమ్‌ని చెవితో విందామా?

కమ్యూనికేషన్స్ పేపర్‌లో ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్ మనలో చాలామంది రాసిందే. క్యారియర్, మాడ్యులేటర్, సైడ్‌బ్యాండ్స్... మార్కులు పడగానే మర్చిపోతాం. ఆ లెక్కలోంచే సంగీతం పుడుతుందని తెలిశాక, నేను ఆ చాప్టర్‌ని మళ్లీ తెరిచాను. ఈసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని!

1967లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ ఒక సంగతి గమనించారు. ఒక తరంగంతో ఇంకో తరంగం ఫ్రీక్వెన్సీని బాగా వేగంగా ఊపితే, ఊపు వినిపించదు, కొత్త నాదం వినిపిస్తుంది. యమహా ఆ పద్ధతితోనే 1983లో డీఎక్స్7 సింథసైజర్ తెచ్చింది. యాంబియంట్ సంగీతానికి ఆ పేరు పెట్టిన బ్రయన్ ఈనో కూడా దాన్ని ఇష్టంగా వాడారు. ఇప్పుడు డెక్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మనకి లాప్‌టాప్ చాలు.

రెండే ఆపరేటర్లతో మొదలుపెట్టండి. క్యారియర్ 220 హెర్ట్జ్. మాడ్యులేటర్ నిష్పత్తి 1 అయితే సైడ్‌బ్యాండ్స్ అన్నీ 220 గుణిజాల్లోనే పడతాయి, నాదం కుదురుగా ఉంటుంది. నిష్పత్తి 1.41 చేయండి. సుమారు 90 దగ్గర ఒకటి, 530 దగ్గర ఒకటి పడతాయి. అవి 220తో పొసగవు. అందుకే గంట మోగినట్టు ఉంటుంది.

ఇప్పుడు ఆ గంటకి దెబ్బ తీసేయండి. అంటే అటాక్ నాలుగైదు సెకన్లు పట్టేలా నెమ్మది చేయాలి. ఎప్పుడు మొదలైందో తెలీకుండానే గది నిండిపోతుంది. పక్కనే 220.2 హెర్ట్జ్‌తో ఇంకో స్వరం పెడితే, 5 సెకన్లకోసారి ఒక అల వస్తుంది. తంబురా సారణి తీగలు శ్రుతి చేసేవాళ్లు ఆ అల ఆగేదాకా బిగిస్తారు. మనం దాన్ని కావాలనే బతకనిస్తాం.

చివరిగా మూడు స్వరాలని 17, 23, 29 సెకన్ల లూపుల్లో వదలండి. మూడూ మళ్లీ ఒకేసారి మొదలవ్వాలంటే 11,339 సెకన్లు, అంటే మూడు గంటల పైమాటే! 1978లో ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’లో ఈనో టేపు ముక్కలతో చేసింది ఇలాంటిదే.

ఎవరో చేసిన ప్రీసెట్ మీద రివర్బ్ గుమ్మరించినా యాంబియంట్‌లా అనిపించొచ్చు. నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: రివర్బ్ ఆపేసి పది నిమిషాలు వినడం. అప్పుడూ వినాలనిపిస్తే ఆ శబ్దం మనదే. ఈ రాత్రికి మీరూ ప్రయత్నించండి.