ఆజ్ఞల పుస్తకము

కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాయ నేర్చుచున్న బాలబాలికలకు పాఠ్యపుస్తకముతో పాటు మఱియొక పుస్తకము కావలసియున్నది. అది అంగడిలో దొరకదు. ఎవరిది వారే కూర్చుకొనవలెను. పనికివచ్చిన చిన్న ఆజ్ఞలను, ప్రోగ్రాము తునకలను, పనిముట్లకు తాము చేసికొన్న అమరికలను ఒకచోట భద్రపఱచు సంగ్రహమునే మేము ఆజ్ఞల పుస్తక మనుచున్నాము. సంగ్రహములు తెలుగువారికి క్రొత్త గావు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించి శతాబ్దములు గడచినవి.

1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పుట్టిన యూనిక్సునందు ఒక్కొక్క పనికి ఒక్కొక్క చిన్న పనిముట్టు కలదు. ఒకదాని ఫలితమును వేఱొకదాని కందించు 'పైపు' 1973లో వచ్చి చేరెను. వీనిని అతికి చేయదగిన కూర్పులకు లెక్క లేదు గనుక, అన్నిటిని జ్ఞాపకముంచుకొనుట యెవరికిని సాధ్యము గాదు. 1989లో వెలువడిన బ్యాషు మనము వ్రాసిన ఆజ్ఞలను తానే దాచును. కంట్రోలు మీటను, ఆర్ మీటను కలిపి నొక్కినచో పాతవానిని వెదకి చూపును. కాని అమరిక మార్చనిచో అది దాచునవి 500 మాత్రమే. పైగా, ఏ యాజ్ఞ యెందులకు వ్రాసితిమో అది చెప్పజాలదు.

ఆ 'ఎందులకు' అనునది వ్రాసికొననిచో సంగ్రహ మంతయు వ్యర్థము. మన యూరి పేరునే తీసికొందము. 'తణుకు' అన్న మాటను ప్రింట్‌ఎఫ్ ద్వారా పంపి, లెక్కించు ఆజ్ఞయగు డబ్ల్యు-సి కి 'సి' గుర్తు నిచ్చినచో 15 అని వచ్చును. 'ఎం' గుర్తు నిచ్చినచో 5 అని వచ్చును. మనము చదువునవి మూడక్షరములే! యూనికోడునందు త, ణ, ఉకారపు కొమ్ము, క, మరల కొమ్ము అని యైదు సంకేతములు; యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడు బైట్లు. ప్రింట్‌ఎఫ్ నకు బదులు ఎకో వాడినచో పంక్తి ముగింపు చేరి 16, 6 అగును. భాషా అమరిక యూటీఎఫ్-8 గాక 'సి' అని యున్న యంత్రముపై 'ఎం' గుర్తు కూడ 15 అనియే చెప్పును. కావున ఆజ్ఞను మాత్రమే వ్రాసికొన్న విద్యార్థి వేఱొక యంత్రముపై తప్పక తికమకపడును.

ఇది వట్టి వినోదము గాదు. ఒక దరఖాస్తు ప్రోగ్రాము ఊరి పేరును 10 బైట్లకు కోసినచో 'తణు' వఱకు మిగిలి, 'క'లో మూడవవంతు వ్రేలాడుచుండును. తెరపై నొక వికృతమైన గుర్తు కనబడును. తెలుగు పేర్లకు జరుగు అవమానములలో ఇట్టివి కొన్ని కలవు. వానిని సరిదిద్దవలసినవారు మన పిల్లలే.

అమరికల విషయమున మా యభిప్రాయ మొకటి చెప్పవలసియున్నది. దస్త్రములను తుడిచివేయు 'ఆర్-ఎం' అను పేరునే, ముందుగా ప్రశ్నించునట్లు కొందరు 'ఎలియాసు' ద్వారా మార్చుకొందురు. ఇది మాకు సమ్మతము గాదు. ప్రశ్న వచ్చునను ధీమాతో అలవాటుపడిన చేయి, ఆ యమరిక లేని పరాయి యంత్రముపై అడుగకయే సర్వమును తుడిచివేయును. అట్టిదానికి క్రొత్త పేరు పెట్టుకొనుట మేలు. పరాయి యంత్రముపై ఆ పేరు లేదని కంప్యూటరే చెప్పును, దస్త్రములు దక్కును.

సంగ్రహమును 2005లో వచ్చిన గిట్ నందుంచిన మార్పు లన్నియు తేదీలతో నిలుచును. అయితే అందు రహస్యపదము లుంచరాదు. పొరపాటున నొకటి చేరినచో దానిని కొట్టివేసినంత మాత్రమున పోదు, పాత ప్రతులలో నుండియే యుండును. వెంటనే ఆ రహస్యపదమునే మార్చివేయవలెను.