ఫ్యాక్టరీ చదువంటే చిన్నచూపెందుకు?

“ఫ్యాక్టరీలో పనికా ఇంత చదివిస్తున్నది?” టెన్త్ పూర్తైన పిల్లల తల్లిదండ్రుల నోట తరచూ వినే మాటిది. వాళ్లకు కనిపించే దారి ఒక్కటే: ఎంపీసీ, కోచింగ్, కంప్యూటర్ సైన్స్. చేతికందిన ప్రతి బొమ్మనూ విప్పి చూసే పిల్లాణ్ణీ అందులోకే తోస్తున్నారు.

ఫ్యాక్టరీ పనిలో ఎంత చదువుందో చూడాలంటే నిమ్మబిళ్లనే తీసుకోండి. పంచదార, గ్లూకోజ్ సిరప్ కలిపి సుమారు 145 డిగ్రీల సెల్సియస్ దాకా ఉడికిస్తారు. తేమ రెండు మూడు శాతానికి దిగాలి. పులుపుకోసం వేసే సిట్రిక్ యాసిడ్‌ను మరిగే పాకంలో కలపరు. కలిపితే పంచదార అణువులు విడిపోయి బిళ్ల జిగటవుతుంది. పాకం కాస్త చల్లారి ముద్దయ్యాకే కలుపుతారు. ముద్దను సన్నటి తాడుగా సాగదీసి, డైలో నొక్కి, చల్లార్చి, గాలిలో తేమ పట్టకముందే కాగితం చుట్టేస్తారు. ఇదంతా తెలిసినవాడు ఫుడ్ టెక్నాలజిస్టు. ‘వంట కోర్సు’ అని మనవాళ్లు తీసిపారేస్తున్నది ఈ రసాయనశాస్త్రాన్నే!

బొమ్మల్లో అసలు విద్య అచ్చుది. ఏబీఎస్ ప్లాస్టిక్ గుళికలు 200 డిగ్రీలు దాటాక కరిగి, ఒత్తిడితో ఉక్కు అచ్చు (మోల్డ్) లోకి దూరుతాయి. చల్లారేటప్పుడు ప్లాస్టిక్ కుదించుకుపోతుంది. ఎంత కుదించుకుంటుందో ముందే లెక్కగట్టి మోల్డ్ కొలతలు పెంచాలి. అక్కడ వెంట్రుకవాసి తేడా వస్తే అందులోంచి వచ్చే ప్రతి బొమ్మా పాడే. పైగా 2021 జనవరి నుంచి, కొన్ని హస్తకళల మినహాయింపులు పోను, బొమ్మలకు బీఐఎస్ ధ్రువీకరణ తప్పనిసరి. అంటే నాణ్యత పరీక్షలు తెలిసినవాళ్లూ కావాలి.

టెన్త్ తర్వాతైతే నా మొదటి ఓటు హైదరాబాద్ బాలానగర్‌లోని టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీలో నాలుగేళ్ల టూల్, డై, మోల్డ్ మేకింగ్ డిప్లొమాకే. దాని తర్వాతి స్థానం ప్లాస్టిక్ సాంకేతికత నేర్పే సిపెట్ మూడేళ్ల డిప్లొమాలది. మిఠాయిల వైపు మనసుంటే బాపట్ల ఫుడ్ టెక్నాలజీ కాలేజీ ఉంది, కానీ దానికి ఇంటర్ చదివి ఈఏపీసెట్ రాయాలి.

డిప్లొమా ప్రవేశ పరీక్షలకు వేలు పోసి కోచింగ్ పెట్టించకండి. టెన్త్ లెక్కలు, సైన్సు గట్టిగా వస్తే చాలు. ఎనిమిదో తరగతి నుంచే ‘ఫౌండేషన్’ పేరుతో పిల్లల సాయంత్రాలు లాక్కోవడం అన్యాయం.

ఇంకో ఉచ్చు మేనేజ్‌మెంట్ సీటు. కొన్ని కాలేజీల్లో ఫుడ్ టెక్నాలజీ అని బోర్డు ఉంటుంది, లోపల ఒక్క పైలట్ ప్లాంటూ ఉండదు. డబ్బు కట్టేముందు యంత్రాలు చూపించమనండి. నడిపి చూపించమనండి. కిందటి బ్యాచ్ ఏ ఫ్యాక్టరీలో శిక్షణ పొందిందో అడగండి. సమాధానం తడబడితే లేచి వచ్చేయండి.

డిగ్రీ చేతికి రాగానే అప్పు చేసి సొంత క్యాండీ యూనిట్ పెట్టాలనే తొందరా వద్దు. మొదట రెండేళ్లు షాప్ ఫ్లోర్ మీద నిలబడాలి. వేడి, చప్పుడు, రాత్రి షిఫ్టులు తప్పవు. అది ఇష్టం లేని పిల్లల్ని ఇటు కూడా నెట్టకండి. డిప్లొమా తర్వాత బీటెక్ చదవాలనుకుంటే, తీసుకోబోయే డిప్లొమా అందుకు రాయాల్సిన ఈసెట్‌కు చెల్లుతుందో లేదో చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.