లోపాన్ని పైకి చెప్పడం: మేనకోడలికి ఒక లేఖ

చి. మాధవికి,

శ్రీసిటీలోని జపాన్ కంపెనీలో చేరబోయే నీలాంటి తెలుగు ఇంజనీరుకు అక్కడి యంత్రాలకంటే ముందు అక్కడి మాటతీరు కొరుకుడుపడకపోవచ్చు. పని సవ్యంగా ముగిసిన రోజున కూడా పై అధికారి మెచ్చుకోలు మాట అనకుండా, ఇంకా మిగిలిన లోపం ఏమిటని అడిగే అవకాశం ఉంది. దానిని నిరాశగా గాని, మనిషిపై అయిష్టంగా గాని భావించరాదు. జపాన్ బడుల్లోనూ కార్ఖానాల్లోనూ 'హాన్సెయ్' అనే అభ్యాసం ఉంది. చేసిన పనిని తిరిగి పరిశీలించి, తన వంతు లోపాన్ని ఒప్పుకుని, దిద్దుకునే దారి ఆలోచించడమే హాన్సెయ్. టయోటాలో విజయవంతమైన పని తరువాత కూడా దీనికై సమావేశమవుతారు.

అమెరికాలో తప్పు చెప్పేముందు రెండు మంచి మాటలు చెప్పడం రివాజు. ఈ రెండు రీతులూ కెంటకీ రాష్ట్రంలోని జార్జ్‌టౌన్ టయోటా కర్మాగారంలో ఎదురుపడ్డాయి. జేమ్స్ వైజ్‌మన్ అనే అమెరికన్ మేనేజరు సమావేశంలో తన విజయాలను ఏకరువు పెట్టగా, కర్మాగారం అప్పటి అధ్యక్షుడు ఫుజియో చో ఆయన సమర్థత అందరికీ తెలిసిందేనని, కలిసి పరిష్కరించుకునేందుకు సమస్యలు చెప్పమని కోరాడు. 2001లో మనస్తత్వ పరిశోధకుడు స్టీవెన్ హైన్ బృందం ప్రచురించిన పరిశోధనలోనూ, ఉత్తర అమెరికా విద్యార్థులు బాగా చేశారని విన్నాక అదే తరహా పనిలో ఎక్కువసేపు నిలవగా, జపాన్ విద్యార్థులు సరిగా చేయలేదని విన్నాకే ఎక్కువసేపు నిలిచారు. జపానీయుల్లో విమర్శ వెనుక మెరుగుపడగలమన్న నమ్మకం ఉండటం ఇందుకు ఒక మూలం.

తెలుగు ఇళ్లలో విమర్శకు కొదవలేదు. నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్న పిల్లను ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయని అడగడం ఎరుగనివారు అరుదు. అయితే ఆ విమర్శ పెద్దల నుండి పిన్నలకే దిగుతుంది. పిన్నలు పెద్దలకు లోపం చూపితే అది ఎదురుచెప్పడమవుతుంది, పని ఆరంభంలో చూపితే శుభమా అంటూ మొదలుపెడుతుంటే ఆ మాటలేమిటనే మందలింపు వస్తుంది. అందుకే ఆఫీసుల్లో పైవారికి అందేది 'అయిపోతుందండీ' అన్న భరోసా ఒక్కటే. ఆ మాట వినయంతో వచ్చినదే అయినా, కార్ఖానాలో అది ప్రమాదకరం.

ఇందుకు భిన్నంగా, టయోటా అసెంబ్లీ లైనుల్లో కొన్నిచోట్ల కార్మికుల తలపైన ఒక తాడు ఉంటుంది. లోపం కనబడగానే దానిని లాగితే 'ఆందోన్' అనే సంకేతఫలకంపై దీపం వెలుగుతుంది, టీమ్ లీడర్ వస్తాడు, నిర్ణీత హద్దు దాటేలోగా సరికాకపోతే లైను ఆగుతుంది. తాడు లాగడం అక్కడ కార్మికుడి విధి, అపరాధం కాదు.

అయినా జపానీయుల పద్ధతి అంతా అనుసరణీయమని అనుకోనక్కరలేదు; ఆత్మపరిశీలన హద్దు మీరి ఆత్మనిందగా మారితే మనసు కుంగిపోతుంది. నలుగురిలో పెద్దవారిని ఖండించడం అక్కడా మర్యాద కాదు గనుక, క్లిష్టమైన విషయాన్ని సమావేశానికి ముందే సంబంధితులతో విడివిడిగా మాట్లాడుకుంటారు. ఈ ముందస్తు సంప్రదింపునే 'నెమవాషి' అంటారు. నీ తొలి వారపు నివేదికలో జరిగిన పనుల జాబితాకంటే ముందు ఆగిపోయిన పనిని, అది ఎక్కడ ఆగిందో, ఇంతవరకు ఏమేమి ప్రయత్నించావో రాసి, సమావేశానికి ఒకరోజు ముందే సూపర్‌వైజరుకు చూపడం మేలు.

దీవెనలతో,
మేనమామ